కుడిచెయ్యి తప్ప అందరం క్షేమం

కాపెల్, టెక్సస్
మార్చి

ప్రియమైన అక్కకు,

ఇక్కడ అందరం క్షేమం, నా కుడిచెయ్యి తప్ప.

కంగారు పడకు. విరగలేదు, వాయలేదు. డాక్టరుకి చూపించాల్సిన రోగమూ కాదు. ఫోన్ చేసి చెబుదామంటే మీ మైత్రి ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టి డైనింగ్ టేబుల్ మధ్యలో ఉంచుతుంది. నా గోడు నీ ఒక్కదానికే చెప్పుకోవాలనుకుంటే మీ పార్సిప్పనీ ఊరు మొత్తం వింటుంది. కన్నకూతురి ఇంట్లో ఉంటున్నావు గనక నువ్వూ ఏమీ అనలేవు. అందుకే ఈ కాగితం.

రిటైరయ్యాక ఇంట్లో కృష్ణవేణి కాళ్లకి అడ్డం పడుతున్నానని, నా పాత ఆఫీసు స్నేహితుడు జగన్మోహన్ నన్ను గోల్ఫ్‌లోకి లాగాడు కదా. అరవై దాటాక ఈ కొత్త సరదా ఏమిటని నువ్వు నవ్వావు. నవ్వితే నవ్వావు గానీ, ఆ ఆట నన్ను పట్టేసుకుంది. పొద్దున్నే పచ్చిక మీద నిలబడి కర్ర తిప్పితే, ఎప్పుడో ఒకసారి బంతి అనుకున్న చోటుకి లేచి వెళుతుంది. ఆ ఒక్క దెబ్బ కోసం మర్నాడు మళ్లీ వెళ్లాలనిపిస్తుంది.

దూరం కొట్టే దెబ్బలు పర్వాలేదు. చిక్కంతా చివర్లో ఉంది. బంతిని గుంట దగ్గరిదాకా తెచ్చాక దాన్ని నేల మీద మెల్లగా దొర్లించి అందులో వేయాలి. దీన్ని పట్టింగ్ అంటారు, ఆ కర్రని పట్టర్ అంటారు. మైత్రి కూతురు, మన బుజ్జి అవని కూడా చేయగలిగేంత చిన్న పని. ఇంట్లో కార్పెట్ మీద స్టీలు గ్లాసు పడుకోబెట్టి కొడితే బంతి బుద్ధిగా వెళ్లి గ్లాసులో పడుతుంది. అక్కడ జగన్మోహన్ వాళ్లు చుట్టూ నిలబడి చూస్తుంటే మాత్రం, బంతిని తాకే క్షణంలో నా కుడిచెయ్యి బిగుసుకుని ఒక్క కుదుపు కుదుపుతుంది. బంతి ఎటో పోతుంది. అందరూ మర్యాదగా ఆకాశం వైపు చూస్తారు.

వీడియోలు చూశాను. ఒకాయన మణికట్టు కదపొద్దంటాడు. ఇంకొకాయన మణికట్టులోనే అంతా ఉందంటాడు. ఒకావిడ అసలు ఆలోచించొద్దంటూ, ఎలా ఆలోచించకూడదో గంటసేపు చెప్పింది. ఇవన్నీ బుర్రలో పెట్టుకుని బంతి ముందు నిలబడితే నా పేరు కూడా గుర్తుండడం లేదు. ఆగస్టులో సీనియర్ల జోడీ పోటీ ఉంది. జగన్మోహన్ నన్నే జోడీగా పెట్టుకుంటానన్నాడు గానీ, ఈ చెయ్యి ఇలాగే ఉంటే వేరేవాళ్లని చూసుకుంటాడు. పైకి అనడు, నాకు తెలుసు.

చివరికి డోనా అని ఒక కోచ్ దగ్గరికి వెళ్లాను. మొదటి రోజే ఆవిడ నావైపు ఒక బంతి విసిరింది. పట్టుకుని తిరిగి విసిరాను. "మీరు లెఫ్టీనా?" అంది. కాదన్నాను. "మరి ఎడమ చేత్తో పట్టుకుని ఎడమ చేత్తోనే విసిరారే?" అంది. నేను నా చేతుల వంక చూసుకున్నాను. నిజమే.

అక్కా, చిన్నప్పుడు నాది ఎడమచేతివాటమా? అమ్మా నాన్నా లేరు. నేను పలక పట్టేనాటికి నువ్వు పన్నెండేళ్ల పిల్లవి. అడగడానికి నాకు ఇక నువ్వే ఉన్నావు.

నీ తమ్ముడు
భద్రం


పార్సిప్పనీ, న్యూజెర్సీ
ఏప్రిల్

చిరంజీవి వీరభద్రానికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చూసి ముందు హడలిపోయాను. కుడిచెయ్యి తప్ప అని రాస్తారా ఎవరైనా? తర్వాత చదువుకుని నవ్వుకున్నాను. ఎండలో నిలబడి కర్రతో బంతిని కొట్టడానికి నీకో గురువు కూడానా!

నువ్వడిగిందానికి ఏం చెప్పను? ఎప్పటి మాట అది. నాకేం గుర్తులేదు. నువ్వు కుడిచేత్తో రాసి డిస్టింక్షన్‌లో పాసయ్యావు, కుడిచేత్తో జీలకర్ర బెల్లం పెట్టావు. ఇప్పుడెవరో ఒకావిడ బంతి విసిరి అడిగిందని అరవై ఏళ్ల చేతిని అనుమానిస్తావా? ఆ కుడిచెయ్యినే కాస్త గట్టిగా అదుపులో పెట్టుకో. సాధన చేస్తే అదే వస్తుంది.

ఇక్కడి సంగతి ఒకటి నీకు చెప్పాలి. ఇది కూడా ఫోన్‌లో చెప్పేది కాదు. అవనికి నాలుగు నిండాయి కదా, చెంచా, క్రేయాను, దువ్వెన, ఏదైనా పుర్రచేత్తోనే పట్టుకుంటోంది. మొన్న మన గుళ్లో ప్రసాదానికి ఎడమచెయ్యి చాపింది. పక్కావిడ చూసి, "అయ్యో, అమ్మమ్మ నేర్పలేదా తల్లీ?" అంది. నా తల కొట్టేసినట్టయింది. అప్పటి నుంచి చెంచా చేతిలోంచి తీసి కుడిచేతిలో పెట్టడం మొదలుపెట్టాను. మెల్లగానే, కసరలేదు.

మైత్రి చూసింది. పెద్ద గొడవ పెట్టుకుంది. "అమ్మా, దిస్ ఈజ్ నాట్ ఓకే. నువ్వు ఇంకోసారి దాని చెయ్యి మార్చావంటే నేను ఫుల్ డే డేకేర్‌లో వేసేస్తాను. నీకూ రెస్ట్ దొరుకుతుంది" అంది. ఆ రెస్ట్ అంటే ఏమిటో నాకు తెలియదా భద్రం? పిల్ల పుట్టినప్పటి నుంచి నా ఒళ్లోనే పెరిగింది. అది పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వస్తే, ఈ అపార్ట్‌మెంట్‌లో నేను గోడలతో మాట్లాడుకోవాలి. అవనిని నా నుంచి తీసేస్తే నేనిక్కడ ఎందుకున్నట్టు?

అందుకే మాటిచ్చాను. ముట్టుకోను, ఏమీ అనను అన్నాను. అనడమూ లేదు. ఎదురుగా కూర్చుని ఊరికే చూస్తానంతే. ఏమైందో తెలుసా, ఇప్పుడు పిల్ల తనంతట తనే కుడిచేతికి మారింది! మైత్రికి కూడా ఆశ్చర్యమే. ఓపిక పడితే పిల్లలు ఎందుకు మారరు?

కృష్ణవేణికి నా ఆశీస్సులు చెప్పు. టోపీ లేకుండా ఎండలోకి వెళ్లకు.

నీ అక్క
గిరిజ


కాపెల్, టెక్సస్
మే

ప్రియమైన అక్కకు,

నువ్వు నన్ను మోసం చేస్తున్నావు. మన పెద్దత్త కూతురి పెళ్లిలో నీ జాకెట్టు చేతుల అంచు రంగు నీకిప్పటికీ గుర్తు. ఆ పెళ్లి విందులో వంకాయ కూర ఎవరు మాడ్చారో కూడా గుర్తు. తమ్ముడు ఏ చేత్తో అన్నం తిన్నాడో మాత్రం గుర్తులేదా?

సరే, నా సంగతి విను. డోనా నన్ను వీడియోలన్నీ మానేయమంది. కళ్లు మూసుకుని బంతిని కొట్టమంది. కొట్టాక కళ్లు తెరవకుండా, బంతి గుంటకి ఇవతలే ఆగిందా, దాటిపోయిందా చెప్పాలి. మొదట్లో నోటికొచ్చింది చెప్పాను. తర్వాత తర్వాత తెలియడం మొదలైంది అక్కా! చెంచాతో గిన్నె అడుగు గోకినప్పుడు పప్పు ఎంత మిగిలిందో చేతికి తెలుస్తుంది చూడు, అలాగ. చేతికి అన్నీ తెలుసట, మనమే అడ్డం వస్తామట. కర్రని కూడా నేను దొంగని పట్టుకున్నట్టు పట్టుకుంటున్నానని, ప్లేటులోంచి ఇడ్లీని తీసేంత మెత్తగా పట్టుకోవాలని నాకు అర్థమైంది. ఇడ్లీ మాట ఆవిడది కాదు, నాది.

ఇంకో సంగతి. షాపులో ఎడమచేతివాళ్ల పట్టర్ ఒకటి కనిపిస్తే ఊరికే పట్టుకుని చూశాను. ఏదో పాత చొక్కా తొడుక్కున్నట్టు అనిపించింది. ఇంటికి తెచ్చేసుకున్నాను. కార్పెట్ మీద బంతి గీత గీసినట్టు వెళుతోంది. కృష్ణవేణి నమ్మలేదు, నేనూ నమ్మలేదు. ఇన్నాళ్లూ నేను తప్పు వైపు నిలబడి ఆడుతున్నానేమో! ఒక పక్క ఆనందం, ఇంకో పక్క అయోమయం. నా చెయ్యి ఏదో నాకే తెలియకుండా ఇన్నేళ్లు ఎలా బతికాను?

ఈ కింది వాక్యం ఎడమచేత్తో రాస్తున్నాను. చదవగలిగితే జవాబివ్వు.

అక్కా నిజం చెప్పు.

భద్రం


పార్సిప్పనీ, న్యూజెర్సీ
జూన్

చిరంజీవి వీరభద్రానికి,

నీ చివరి వాక్యం చూశాను. అక్షరాలు అటూ ఇటూ పడిపోతున్నాయి, అయినా చదవగలిగాను. నువ్వు పలక మీద మొదట రాసిన అక్షరాలు అచ్చం అలాగే ఉండేవి.

అవును. నీది పుర్రచెయ్యి. ఇప్పుడు స్థిమితపడ్డావా?

మనం రేపల్లెలో ఉండేవాళ్లం. నీ అక్షరాభ్యాసం రోజున పళ్లెంలో బియ్యం పోసి ఓం అని రాయించబోతే, నువ్వు ఎడమచెయ్యి పెట్టావు. పురోహితుడు తీసి కుడిచెయ్యి పెట్టాడు. నువ్వు మళ్లీ ఎడమచెయ్యి పెట్టావు. చుట్టాలంతా నవ్వారు, నాన్నగారు నవ్వలేదు. ఆ రోజు నుంచే మొదలైంది.

అలాగని నిన్ను ఎవరో హింసించారని కథలు అల్లుకోకు. నాన్నగారు నీ మీద ఒక్క దెబ్బ వేయలేదు. ఒక్క మాట అనలేదు. భోజనాల దగ్గర ఎదురుగా కూర్చునేవారు. నువ్వు ఎడమచెయ్యి కంచంలో పెట్టగానే ఆయన అన్నం కలపడం ఆపి నీ చేతివంక చూసేవారు. అంతే. నువ్వు చెయ్యి మార్చుకునేదాకా ఆయన ముద్ద ఎత్తేవారు కాదు. ఆయన తినకపోతే అమ్మ తినదు, అమ్మ తినకపోతే నేను తినను. అందరం నీ చేతికేసి చూస్తూ కూర్చునేవాళ్లం. వేసవి అయ్యేసరికి నువ్వు మారిపోయావు. ఎంత ముత్యాల్లాంటి అక్షరాలు నీవి! నాన్నగారు ఊరంతా చూపించుకున్నారు.

అందుకే చెబుతున్నాను, నేను అవని విషయంలో చేసేది కొత్తేం కాదు. కొట్టకుండా, తిట్టకుండా మార్చవచ్చని నేను కళ్లారా చూశాను. నీకేం లోటు జరిగింది చెప్పు? ఈ ఉత్తరం సంగతి మైత్రి దగ్గర ఎత్తకు. దానికి తెలిస్తే దీన్ని పట్టుకుని నా మీదికే వస్తుంది. డేకేర్ ఫారాలు ఇంకా దాని లాప్‌టాప్‌లోనే ఉన్నాయి.

అవని ఇప్పుడు కుడిచేత్తో చక్కగా తింటోంది. కాకపోతే కొంచెం తక్కువ తింటోంది. ఎండలు కదా.

నీ అక్క
గిరిజ


కాపెల్, టెక్సస్
జూలై

ప్రియమైన అక్కకు,

నిజం చెప్పినందుకు సంతోషం. నీ ఉత్తరం రాగానే నేను గాల్లో తేలాను. కారణం దొరికింది కదా, ఇక రోగం కుదిరినట్టే అనుకున్నాను. ఎడమచేతివాళ్ల కర్రలు పూర్తి సెట్టు కొనేశాను. కృష్ణవేణి ఏమందో రాయను.

శనివారం జగన్మోహన్‌తో కోర్సుకి వెళ్లాను. ఇంకో ఇద్దరు వచ్చారు. మొదటి గుంటకి బంతి అడుగు దూరంలోనే ఉంది. అందరూ చూస్తున్నారు. కొత్త పట్టర్‌తో, నా సొంత చేత్తో, నా సొంత వైపు నిలబడ్డాను. తాకే క్షణంలో ఎడమచెయ్యి బిగుసుకుని ఒక్క కుదుపు కుదిపింది. కుడిచెయ్యి ఎలా చేసేదో అచ్చం అలాగే.

ఇప్పుడు నాకు ఏమీ అర్థం కావడం లేదు అక్కా. కుడిచెయ్యి నాది కాదు గనక మొరాయిస్తోంది అనుకున్నాను. మరి నాదైన చెయ్యికి ఏమొచ్చింది? ఇంటికొచ్చి గరాజ్‌లో కూర్చున్నాను. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎవరివో చేతుల్లాగా చూశాను. డోనాని అడిగితే, "మీ రెండు చేతులూ బాగానే ఉన్నాయి. కళ్లు మూసుకున్నప్పుడు రెండూ బాగానే కొడుతున్నాయి" అంది. మరి లోపం ఎక్కడంటే ఆవిడకీ తెలియదట.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా వినిపిస్తుంటే కృష్ణవేణి తాపీగా ఒక మాట అంది. "మీరు కాఫీ కలుపుకునేటప్పుడు చెంచా ఎడమచేత్తోనే తిప్పుతారు. నేను కిచెన్‌లోకి రాగానే కుడిచేతికి మార్చేస్తారు. పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నాను. మీ అలవాటు అనుకున్నాను." నేనలా చేస్తానని నాకు తెలియనే తెలియదు. కృష్ణవేణి నన్ను ఏనాడైనా ఏమైనా అందా? ఆమెని చూసి నేనెందుకు చెయ్యి మార్చుకోవాలి?

అప్పుడు నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. నాన్న అన్నం కలపడం ఆపిన చోట ఆగిపోయాను. నాకు ఆ కంచం గుర్తులేదు, ఆయన చూపూ గుర్తులేదు. నా చేతికి గుర్తుందేమో.

ఒక్కటి అడుగుతాను, పోట్లాటకి కాదు, తెలియక అడుగుతున్నాను. నువ్వు గదిలో లేనప్పుడు అవని ఏ చేత్తో తింటుంది?

భద్రం


పార్సిప్పనీ, న్యూజెర్సీ
ఆగస్టు

వీరభద్రానికి,

నీ గోల్ఫ్ కర్రలకీ నా మనవరాలి చెంచాకీ ముడిపెట్టడానికి నీకు ఎలా మనసొప్పింది? నాన్నగారు నిన్ను ప్రాణంగా పెంచారు. నువ్వు ఆటలో ఓడిపోతే ఆయన్ని బోనులో నిలబెడుతున్నావు. ఆయనతోపాటు నన్నూ.

అవని తన ఇష్టంగానే తింటోంది. నేను దాన్ని ఒక్క మాట అనలేదని ముందే రాశాను. ఇంట్లో కూతురు ఒక పక్క, ఉత్తరంలో నువ్వొక పక్క. మీ అందరికీ నేనే దొరికాను.

పోటీకి నా ఆశీస్సులు. ఇంతకంటే రాయలేను.

గిరిజ


కాపెల్, టెక్సస్
ఆగస్టు

ప్రియమైన అక్కకు,

కోపం తెచ్చుకున్నావు. తెచ్చుకోవాల్సిందే, నేను అడిగిన తీరు అలా ఉంది. నాన్నని నేనేమీ అనడం లేదు. ఆయన మీద నాకున్న ప్రేమ నీకు తెలుసు. ఆయన మంచివారు కాబట్టే నాకు ఇంత తికమకగా ఉంది. కొట్టి ఉంటే కోపం తెచ్చుకుని తేలికపడేవాణ్ణి.

జోడీ పోటీకి జగన్మోహన్ మాతో ఆడే వెంకటస్వామిగారిని పెట్టుకున్నాడు. నాకు చెప్పడానికి ఇంటికొచ్చి, సోఫాలో కూర్చుని, టీ చల్లారేదాకా వాతావరణం గురించి మాట్లాడాడు. చివరికి నేనే, "వెంకటస్వామిగారైతే బాగా ఆడతారు" అన్నాను. చిన్నపిల్లాడిలా బాధపడ్డాను అక్కా, దాచుకోవడం ఎందుకు.

అయినా రోజూ వెళుతున్నాను. ఒక రోజు కుడివైపు, ఒక రోజు ఎడమవైపు నిలబడతాను. దెబ్బ సరిగ్గా తగిలినప్పుడు చేతుల్లో ఒక నిశ్శబ్దం ఉంటుంది. అది ఒకటి రెండుసార్లు దొరికినా చాలు. ఎవరైనా దగ్గరికొస్తే అది పోతుంది. అది ఎందుకు పోతుందో ఇప్పుడు కొంచెం తెలుసు, ఎలా నిలుపుకోవాలో మాత్రం తెలియదు.

నేనిక ఏమీ అడగను. ఉత్తరం మాత్రం మానకు.

నీ తమ్ముడు
భద్రం


పార్సిప్పనీ, న్యూజెర్సీ
సెప్టెంబర్

నాన్నా భద్రం,

రాయడం ఆలస్యమైంది. రాద్దామని కూర్చోవడం, చించేయడం, ఇదే పని.

నువ్వడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. తెలుసుకోకుండా ఉందామనే చూశాను. పోయిన సోమవారం సాయంత్రం వాకింగ్‌కి బయల్దేరాను, చలిగా ఉందని శాలువా కోసం వెనక్కి వచ్చాను. మైత్రి మీటింగ్‌లో ఉంది. అవని ఒక్కతే టేబుల్ దగ్గర కూర్చుని ఉప్మా తింటోంది. ఎడమచేత్తో. ఏదో పాట పాడుకుంటూ, కాళ్లూపుకుంటూ, చెంచా నిండా తీసుకుని తింటోంది. అది అంత ఇష్టంగా తినడం నేను చూసి ఎన్నాళ్లయిందో.

నేను ఒక్క అడుగు వేశాను. చెప్పుల చప్పుడైంది. అది తల కూడా తిప్పలేదు భద్రం. పాట ఆగింది. కాళ్లు ఊపడం ఆగింది. చెంచా కుడిచేతిలోకి వెళ్లిపోయింది. నేను కసిరానా? కొట్టానా? ఒక్క మాట అన్నానా? ఏమీ అనలేదని నేను మీ అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ పిల్లకి నేను కుడిచెయ్యి నేర్పలేదు. నేను వస్తే భయపడడం నేర్పాను. నా శాలువా సంగతి మర్చిపోయి అక్కడే నిలబడ్డాను, ఏడుపొచ్చేసింది.

ఆ రాత్రే మైత్రికి అంతా చెప్పేశాను. నీ సంగతి, నాన్నగారి సంగతి కూడా. డేకేర్‌లో వేసెయ్యమన్నాను. "మావయ్యకి కూడానా?" అంది. తర్వాత, "డేకేర్‌లో వేసినా నువ్వు ఎదురుపడినప్పుడల్లా అది ఇలాగే చేస్తుందమ్మా. నువ్వే సరిచెయ్యి. ఎలాగో నాకు తెలియదు" అంది.

నాకూ తెలియదు. మర్నాడు అవని ఎదురుగా కూర్చుని, "బంగారూ, నీకిష్టమైన చేత్తో తినమ్మా, ఏం పర్వాలేదు" అన్నాను. అది నా మొహంలోకి చూసింది. నిజంగా అంటున్నానో, ఇందులో ఏదైనా మెలిక ఉందో తెలుసుకోవాలని చూసింది. నవ్వాను. అదీ నవ్వింది. చెంచా మాత్రం కుడిచేతిలోనే ఉంచుకుంది. ఆ మర్నాడూ అంతే. దాని ముందు ఎడమచెయ్యి మంచిదని పొగిడాను, ఇంకా కంగారుపడింది. వారమంతా పూటకి రెండు ముద్దలు తిని లేచిపోయేది. ఏం చేస్తే ఏమవుతుందో నాకు పాలుపోవడం లేదు. పిల్లకి కనిపించకుండా ఉండలేను, కనిపిస్తే అది తినలేదు.

ఇవాళ మధ్యాహ్నం పెరుగన్నం కలిపి గిన్నెలో పెట్టి ఇచ్చాను. చెంచా పట్టుకోకుండా చాలాసేపు కూర్చుంది. నేనూ ఊరుకున్నాను. చివరికి మెల్లగా, దాని ముద్దుముద్దు తెలుగులో, "అమ్మమ్మా, నువ్వు అటు చూడు. ఓకే? డోంట్ లుక్" అంది.

నేను కుర్చీ తిప్పుకుని ఫ్రిజ్ వైపు చూస్తూ కూర్చున్నాను. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు వినిపించింది. మళ్లీ తగిలింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా నేను తల తిప్పలేదు భద్రం.

ఏ చేత్తో తిన్నదో నాకు తెలియదు.

నీ అక్క
గిరిజ